అతను బండిని వేడెక్కించలేదు

కృత్తివెన్ను చెరువుల మీద పనిచేసిన పాత ఆపరేటర్లు కొందరు ఇప్పటికీ ఒక మాట అంటుంటారు. బందరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక ఆపరేటర్ ఎక్స్‌కవేటర్‌ని అడ్డదిడ్డంగా లాగి, నూనె కాగబెట్టి, పని పోగొట్టుకున్నాడని. ఆ మాట పుట్టించింది నేను. అది నిజం కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుడివాడలో నాకు చిన్న షెడ్డు ఉండేది. చేపల చెరువులు తవ్వే ఎక్స్‌కవేటర్లకు హైడ్రాలిక్ పని చేసేవాణ్ణి. మా వాడుకలో వాటిని బండ్లనే అంటాం. అప్పటికి వాటిలోకి కంప్యూటర్ వచ్చింది. పాత మెకానిక్కులు దాన్ని ముట్టుకోవడానికి జంకేవారు. నేను మీటరు పట్టుకుని వైరు వెంబడి వెళ్లడం నేర్చుకున్నాను. ఇటు నందివాడ నుంచి అటు అవనిగడ్డ దాకా ఎవరి బండి మొరాయించినా నాకే కబురొచ్చేది. నేను చూసి చెప్పింది తప్పయిన సందర్భాలు చాలా తక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు. నా మాటకు అంత విలువ ఉండబట్టే ఒక మనిషికి నష్టం జరిగింది.

ఎక్స్‌కవేటర్ బకెట్టు కదిలేది నూనె ఒత్తిడితో. ఆ నూనె మరీ కాగితే పలచబడి పంపు అరిగిపోతుంది. అందుకని ట్యాంకుకు వేలెడంత సెన్సర్ ఒకటి బిగించి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి కంప్యూటర్ క్యాబిన్‌లో ముల్లును పైకి జరుపుతుంది. ముల్లు ఎర్ర గీత దాటితే అలారం కొట్టి, ఇంజన్ వేగం తనంతట తానే తగ్గించేస్తుంది. ఇక ఆ రోజు పని సాగదు.

ఒక వేసవిలో కృత్తివెన్ను దగ్గర ఒక బండి రోజూ ఇలాగే ఆగిపోతోందని పిలిచారు. ఓనరు వరి మానేసి చెరువుల కాంట్రాక్టులోకి దిగిన రైతు. వానలు పడేలోగా గట్లు పూర్తి చేయాలి. ఆపరేటర్‌ది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. ఆ ఇంట్లో వల వదిలి బండెక్కిన మొదటి మనిషి అతనే. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. పని దిగాక చెరువు గట్టు మీద నీళ్లు తోడే ఇంజన్ పైపు పట్టుకుని, బురద మరక మిగలకుండా రోజూ బండిని కడిగేవాడు.

రెండు బస్సులు మారి నేను వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఓనరు గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

“రండి రండి. బండికి జ్వరం, ఇతగాడికి సెలవు. వారం నుంచి ఇదే వరస,” అన్నాడు.

“బండి బాగానే ఉందండి,” అన్నాడు ఆపరేటర్. “ముల్లే అబద్ధం చెప్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేసీ చెయ్యగానే ఎర్ర గీత మీదకెళ్లి కూర్చుంటుంది.”

“పొద్దున్నే నూనె ఎలా కాగుద్దయ్యా?” అన్నాను.

“అదేనండి నేనూ అడిగేది.”

ఓనరు నవ్వాడు. నేనూ నవ్వాను. రోగం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది. నూనె చల్లగా ఉన్నప్పుడు కూడా ముల్లు వేడి చూపిస్తోందంటే తప్పు నూనెలో లేదు. నాకది తప్పించుకునేవాడి సాకులా వినిపించింది.

ట్యాంకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఎండకూ, పొద్దున కాసేపు నడిచినదానికీ ఆ మాత్రం వేడి ఉంటుంది. సెన్సర్‌కి తగిలించిన ప్లగ్గు లాగి, అలవాటు కొద్దీ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఊది పక్కన పెట్టాను. సెన్సర్ ఊడదీశాను. టీ కొట్టు నుంచి గిన్నెడు మరిగే నీళ్లు తెప్పించి, థర్మామీటరుతో పాటు అందులో ముంచాను. నీళ్లు చల్లారేకొద్దీ మీటరు మీద రెసిస్టెన్స్ అంకెలు పుస్తకంలో ఉన్నట్టే పెరిగాయి. నూనెను చల్లబరిచే కూలర్ రెక్కల్లో ఎండిన బురద కనబడితే ఊదించాను. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే ముల్లు ఉండాల్సిన చోట నిలబడింది.

“సెన్సర్ మంచిదండి,” అన్నాను ఓనరుతో. “నూనె నిజంగానే కాగింది. బకెట్ కదలకపోయినా లివరు వదలకుండా లాగి పట్టుకుంటే ఇంతే.”

“నేనలా లాగను మెకానిక్ గారూ. రేపు పొద్దున వచ్చి చూడండి.”

“నాకు ఇదొక్క బండేనా?”

మర్నాడే అలారం మళ్లీ కొట్టింది. ఓనరు ఫోన్ చేస్తే, బండి చూడకుండానే, “మనిషిని మార్చి చూడండి,” అన్నాను. ఆ పూటే అందరి ముందూ అతని దగ్గర తాళం తీసుకున్నారు.

కొత్త ఆపరేటర్ వచ్చాడు. అలారం ఆగిపోయింది. గుడివాడ బస్టాండ్ దగ్గర ఓనర్లూ ఆపరేటర్లూ చేరే టీ కొట్టులో, “మనిషిని మారిస్తే సెన్సర్ బాగుపడింది,” అని నేనే చెప్పి నవ్వించాను. ఆ తర్వాత అతనికి ఎవరూ బండి ఇవ్వలేదు. కొత్తవాడు బద్ధకస్తుడనీ, బండి కడిగిన పాపాన పోలేదనీ నేను కనుక్కోలేదు.

రెండేళ్ల తర్వాత దివిసీమలో, నాగాయలంక అవతల, ఇంకో బండికి ఇదే రోగం వచ్చింది. ఈసారి తొలి బస్సుకే దిగాను. ట్యాంకు మీద ఇంకా మంచు తడి ఉంది. స్టార్ట్ చేస్తే ముల్లు ఎర్ర గీత మీద ఉంది. ప్లగ్గు లాగాను. రబ్బరు వాషరు పగిలి ఉంది. పిన్నులు పచ్చగా చిలుమెక్కి, లోపల తడిగా ఉన్నాయి. ఆ తడి వేలితో తీసి నాలుకకు తగిలించాను. ఉప్పు.

“బండి ఎప్పుడు కడిగారు?” అని అడిగాను అక్కడి ఆపరేటర్‌ని.

“నిన్న సాయంత్రం. చెరువు నీళ్లేనండి. తాగటానికే మంచినీళ్లు లేవిక్కడ, బండికెక్కడ తెస్తాం?”

తుడిచి ఆరబెట్టి తగిలిస్తే ముల్లు దిగింది. గడ్డిపరకతో చెరువు నీళ్లు రెండు చుక్కలు వేసి తగిలిస్తే మళ్లీ ఎక్కింది. ఉప్పునీరు రెండు పిన్నుల మధ్య దారి వేస్తోంది. రెసిస్టెన్స్ పడిపోతోంది. కంప్యూటర్ దాన్ని వేడి అనుకుంటోంది. కృత్తివెన్ను చెరువుల్లోనూ ఉప్పునీళ్లే. అక్కడ నేను తప్పును గుడ్డతో తుడిచేసి, ఆ తర్వాత తప్పు కోసం వెతికాను. బండిని అంత శ్రద్ధగా కడిగినందుకే అతని పని పోయింది.

వాకబు చేస్తే చల్లపల్లిలో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర ట్రాక్టర్ నడుపుతున్నాడన్నారు. వెళ్లి మొత్తం చెప్పాను. బస్తాల మీద కూర్చుని చివరిదాకా విన్నాడు.

“పొద్దున వచ్చి చూడమన్నాను మిమ్మల్ని.”

“అన్నారు.”

“రెండేళ్లు పట్టిందండీ మీకు తెల్లారటానికి.”

ఓనరుకి చెప్తానన్నాను.

“ఆయనకి చెప్తే ఆయనకొక్కడికే తెలుస్తుంది. టీ కొట్టులో చెప్పారంటగా. అక్కడే చెప్పండి.”

మర్నాడు పొద్దున్నే అక్కడే చెప్పాను. గుడ్డ సంగతి, చూడకుండా ఫోన్లో అన్న మాట, ఏదీ దాచలేదు.

“ఇలా ఇంకెంతమందిని బండి దింపించావు బావా?” అన్నాడు ఒక ఆపరేటర్.

“నాకు తెలిసినంతలో ఇదొక్కటే,” అన్నాను.

బందరు రోడ్డులో చెరువులున్న ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. “నీకే బండి ఉంటే అతని చేతికిస్తావా?”

“రెండో ఆలోచన లేకుండా ఇస్తానండి.”

“అయితే సోమవారం రమ్మను.”

సోమవారం నేనూ వెళ్లాను. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, తాళం తీసుకుని, నేను వింటుండగానే పెద్దాయనతో, “ఒక్క మాటండి. దీనికి ఏమొచ్చినా ఈయన్ని మాత్రం పిలవకండి,” అన్నాడు.

పెద్దాయన నా వైపు చూశాడు.

“సరేననండి,” అన్నాను.

ఆ బండిని అతను చాలా ఏళ్లు నడిపాడు. దానికి పని చేసింది బందరు మెకానిక్. ఆ దారిన వెళ్తూ నేను ఆగితే టీ ఇప్పించేవాడు, పిల్లల సంగతులు అడిగేవాడు. బండి డోరు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు.