పక్క సీటు బ్రేకు

మా బాబాయి కారులో పక్క సీట్లో కూర్చుంటే, అక్కడ లేని బ్రేకు తొక్కుతాడు.

ఆయన గురించి చెప్పుకోవలసిన సంగతులు ఇంకా ఉన్నాయి. కానీ ఆయన్ని ఎరిగినవాళ్లెవరిని కదిపినా ముందు కాలు చాచి నేలని ఒక్క తొక్కు తొక్కి చూపిస్తారు. మాట ఆ తర్వాతే.

లేని బ్రేకు ఎప్పుడో ఒకప్పుడు అందరమూ తొక్కినవాళ్లమే. బాబాయి తొక్కుడు ఆ జాతిది కాదు. ముందు బండి వెనక ఎర్రదీపం వెలగకముందే, వెలిగించాలని దాని డ్రైవరుకి తోచకముందే, బాబాయి కాలు నేలని తాకేది. ఒక చెయ్యి తలుపు పైనున్న పిడిని పట్టుకునేది, రెండోది గుండెని పట్టుకునేది. నోరు ఖాళీగా ఉండదు కదా. "వాడొస్తున్నాడు, వాడొస్తున్నాడు" అనేవాడు. వాడు రాకపోతే "రాలేదు గానీ వచ్చే మొహమే" అనేవాడు. మా నాన్న కారులో పక్క సీటు ముందు కాళ్ల కింద పరిచే పట్టా అరిగి చిల్లు పడితే, దుకాణం ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, డ్రైవరు వైపు పట్టా తెచ్చి చేతిలో పెట్టాడు.

ఇంత భయస్థుడికి అన్నం పెట్టేది మాత్రం కార్లే. వాడిన కార్లు కొనబోయేవాళ్ల కోసం బాబాయి వాటిని పరీక్షించి, మంచీ చెడూ కెమెరా ముందు చెబుతాడు. నేను వీడియో తీస్తాను. బండి ఎప్పుడూ తనే నడుపుతాడు. స్టీరింగు చేతికి వస్తే మనిషి నిండుకుండ. పక్క సీట్లోకి మారితేనే తొణుకుడు.

అలాంటిది, ఆ పెద్ద ఎలక్ట్రిక్ కారు వంతు వచ్చిన రోజు కుంటుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"కాలు బెణికిందిరా. ఇవాళ నడపలేను. అమ్మాయి ఏదీ?"

అమ్మాయంటే మా అక్క. ఆసుపత్రి తరఫున రోగుల ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు. వానాకాలం మొదట్లో ఒక మలుపు దగ్గర ఆమె కారు జారి కాలువలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కారు బాగైంది గాని అక్క బాగవలేదు. మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. బస్సులు పట్టుకుని తిరిగితే రోజుకి సగం మందిని కూడా చూడలేకపోతోందని ఆసుపత్రివాళ్లు ఒక మాట చెప్పేశారు: వచ్చే వారం నుంచి ఆసుపత్రి కారు నడుపుకుంటూ వెళ్లాలి, లేదా రిసెప్షన్‌లో కూర్చోవాలి. అక్క కూర్చుంటానని చెప్పి వచ్చింది. చెప్పి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. తుంటి విరిగి, మళ్లీ మెట్లెక్కడం నేర్చుకుంటున్న ఒక ముసలావిడ ఉంది. ఆవిడ సగం మెట్ల మీద ఉండగా వదిలేస్తున్నానన్నదే అక్క బెంగ.

"నేను నడపను బాబాయ్," అంది అక్క.

"వీడు కెమెరా పట్టుకోవాలి. నాకు కాలు లేదు. అమ్మేవాడు నడిపితే ప్రతి బండీ బంగారమే. ఇంకెవరున్నారే నాకు?"

"కుంటేది ఏ కాలు?"

బాబాయి ఒక్క క్షణం ఆలోచించాడు. "నొప్పి తిరుగుతోందమ్మా," అన్నాడు.

షోరూం ఆవరణలో కారు ఎండలో నిగనిగలాడుతూ ఉంది. ముదురు నీలం, ఇంత పొడుగు. తలుపులకి పిడులు లేవు. దగ్గరికి వెళ్తే రేకులోంచి నాలుక చాపినట్టు బయటికి వచ్చాయి. కోటు వేసుకున్న షోరూం కుర్రమేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాబాయి కుంటడం మరిచిపోయి నేలమీద బోర్లా పడుకుని, టైర్ల లోపలి అంచు తడిమాడు.

"అంచులు నున్నగా అయిపోయాయి. ఎవరిదయ్యా ఈ బండి?"

"ఒక పెద్దాయనది సార్. ఆదివారాలు మాత్రమే తీసేవారు."

"ఆదివారాలు ఎక్కడికి వెళ్లేవాడు, చంద్రుడి మీదికా?"

మేనేజరు నవ్వలేదు. ఆగి ఉన్న బండిని ఒకటీ రెండూ మూడూ లెక్కబెట్టేలోపు వంద వేగానికి తీసుకెళ్లే మోటార్లు దీనికి ఉన్నాయని, అచ్చు పాఠం అప్పగించినట్టు చెప్పాడు. అది విని అక్క మొహంలో మిగిలిన కాస్త రంగూ పోయింది.

ఆమె కూర్చుంది. సీటు తనంతట తనే ముందుకు జరిగింది. ఎదురుగా పీటంత తెర. శబ్దం లేదు, వణుకు లేదు, బండి బతికి ఉందని తెలిసే గుర్తే లేదు. వెనక సీట్లో మేనేజరు, నేను. పక్క సీట్లో బాబాయి, అప్పుడే పిడి పట్టుకుని.

"మెల్లిగా తాకమ్మా. దీనికి పెద్ద మాట అక్కర్లేదు, సైగ చాలు," అన్నాడు.

అక్క సైగే చేసింది. నా వీపు సీటుకి అతుక్కుంది. గేటు, గేటు దగ్గర కాపలా మనిషి, ఆయన నోట్లోని విజిలు, అన్నీ ఒక్కసారే వెనక్కి వెళ్లిపోయాయి. అక్క కంగారుగా కాలు తీసేసింది. అది ఇంకో వింత. ఇలాంటి బండికి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, బ్రేకుతో పనిలేకుండా తనే నెమ్మదిస్తుంది. ఆ వేగాన్ని కరెంటు చేసుకుని బ్యాటరీలో దాచుకుంటుంది.

బాబాయికి ఆ సంగతి క్షుణ్ణంగా తెలుసు. అయినా రెండు కాళ్లతో నేలని తొక్కి, "అయ్యో, నా ప్రాణం పోయింది," అన్నాడు.

"బెణికిన కాలితో కూడా తొక్కుతున్నావేమిటి బాబాయ్?"

"ప్రాణం మీదికి వస్తే బెణుకు గుర్తుంటుందా?"

నాలుగు వీధులు దాటేసరికి ఆయన ముగ్గురు పాదచారుల్ని, ఒక సైకిల్ని, ఒక కుక్కని మాటలతోనే గుద్దించేశాడు. బయట వాళ్లందరూ క్షేమంగా వెళ్తున్నారు. లోపల మేమే చచ్చిపోతున్నాం. ఉన్నట్టుండి అక్క గొంతు మారింది. రోగులతో మాట్లాడే గొంతు అది.

"బాబాయ్, ఇటు విను. భుజాలు దించు. ముక్కుతో ఊపిరి తీసుకో, నోటితో వదులు. ఆ కుక్క చాలా దూరంలో ఉంది. నాకు కనిపిస్తోంది."

"నిజంగా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. వదులు ఊపిరి."

బాబాయి ఊపిరి వదిలాడు. అక్క కూడా వదిలింది.

ఊరు దాటాక బండిని కొండ ఎక్కించాలన్నాడు బాబాయి. వాడిన ఎలక్ట్రిక్ బండికి మోటారు కాదు, బ్యాటరీ చూడాలని, చదునులో అన్ని బ్యాటరీలూ పెద్దమనుషులేనని, ఎత్తు ఎక్కిస్తేనే అసలు గుణం బయటపడుతుందని కెమెరాకి చెప్పాడు. రోడ్డుకి ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ. సగం ఎక్కేసరికి వాన మొదలైంది.

అక్క వేళ్లు స్టీరింగుని పిండేస్తున్నాయి. ఆమె కాలువలో పడింది ఇలాంటి వానలోనే. అద్దం తుడిచే పుల్లల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అప్పుడు తెర మీద బ్యాటరీ అంకె చూశాను. షోరూంలో సగానికి పైగా ఉన్నది, మెట్లు దిగుతున్నట్టు దిగిపోతోంది.

"ఇదేమిటయ్యా?" అన్నాడు బాబాయి వెనక్కి తిరక్కుండానే.

"అది… సాఫ్ట్‌వేర్ సార్. కొంచెం వినయం ఎక్కువ. తక్కువ చేసి చూపిస్తుంది," అన్నాడు మేనేజరు. ఆయన కోటు గుండీ విప్పుకున్నాడు.

తెర మీద చిన్న తాబేలు బొమ్మ వెలిగింది. ఇక శక్తి ఇవ్వలేనని బండి చెప్పడమన్నమాట. రాకెట్టులా బయల్దేరిన కారు, ఎత్తులో, వానలో, బండలు మోస్తున్న గాడిదలా పాకడం మొదలుపెట్టింది. వెనక దుంగల లారీ వచ్చేసింది. లారీ ఎత్తులో ఆగితే తడిరోడ్డు మీద మళ్లీ కదలదు. అందుకే హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

"నన్ను దింపేయండి. నేను నడిచి వస్తాను," అన్నాడు బాబాయి. కాళ్లు రెండూ సద్దు చేస్తూ తొక్కుతున్నాయి.

"ఇక్కడ దిగితే లోయలోకే దిగాలి బాబాయ్. కూర్చో."

"ఆ లారీవాడికి మన మీద పగ ఉంది."

"వాడికీ భయమే. ఊపిరి తీసుకో." అక్క హెచ్చరిక దీపాలు వేసి, బండిని కొండ గోడ పక్కకి ఒదిగించింది.

లారీ పక్కకి వచ్చింది, దాటడానికి. దాని చక్రాలు మా కిటికీ ఎత్తున తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే పై మలుపులోంచి బస్సు దిగింది. బస్సుకి దారి లేదు. లారీ వెనక్కి తగ్గలేదు. ముందుకి దూరాలంటే అడ్డంగా మేమున్నాం. మేనేజరు కళ్లు మూసుకున్నాడు. నేను కెమెరా వదిలేశాను.

అక్క కాలు తీసేసింది. కారు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు నెమ్మదించింది. మా ముందు ఖాళీ ఏర్పడింది. లారీ అందులోకి దూరింది. బస్సు బురద చిమ్ముకుంటూ పక్కనుంచి దిగిపోయింది. అద్దం నిండా గోధుమరంగు నీళ్లు. అక్క పుల్లలు వేసింది. మళ్లీ రోడ్డు కనిపించింది.

ఆ కాసేపు మాత్రం బాబాయి కాళ్లు కదల్లేదు, నోరు తెరవలేదు. లారీ మలుపు తిరిగి కనుమరుగయ్యాకే, పని గుర్తొచ్చినట్టు "అమ్మో, వాడొస్తున్నాడు," అన్నాడు.

"వాడు వెళ్లిపోయాడు బాబాయ్," అంది అక్క.

తాబేలు బొమ్మతోనే కొండ కొసకి చేరాం. దిగుడు మొదలయ్యాక, కాలు తీసినప్పుడల్లా బండి కరెంటు దాచుకోవడం, బ్యాటరీ అంకె ఒక్కొక్కటే పెరగడం. అంత కొండా దిగేలోపు కారులో బ్రేకు తొక్కినవాడు బాబాయి ఒక్కడే. అక్క వానలో, మలుపుల్లో, ఆయనకి ధైర్యం చెప్పుకుంటూనే దింపేసింది. కింద ఊరి మొదట్లో ఛార్జింగ్ పెట్టే చోట బండి ఆపి, అప్పుడు తన చేతుల వంక చూసుకుంది. వణకడం లేదు. అది ఆమెకే కొత్తగా ఉన్నట్టుంది.

"ఇక్కడికి రెండు వీధుల అవతలే మా ముసలావిడ ఇల్లు," అంది. "ఎలాగూ వచ్చాను. మెట్లెక్కించి, బస్సులో వస్తాను."

"అలాగా? ఈ ఊళ్లోనేనా ఆవిడ ఉండేది?" అన్నాడు బాబాయి, ఆకాశంలోకి చూస్తూ.

అక్క వెళ్లాక, బండి ఛార్జి అవుతుండగా బాబాయి తీర్పు చెప్పాడు. "ఇది అలిగిన మహారాణి. కూర్చుంటే సింహాసనం, కదిలితే పిడుగు, ఎత్తు చూస్తే మూర్ఛ. బ్యాటరీ బాగుచేసి, రాతపూర్వకంగా హామీ ఇస్తే కళ్లకద్దుకుని కొనండి. ఇవ్వకపోతే దండం పెట్టి వచ్చేయండి." మేనేజరు అడ్డు చెప్పలేదు. ఆయన దగ్గరున్న సాకులన్నీ కొండ మీదే అయిపోయాయి. బ్యాటరీ బాగుచేయించకుండా అమ్మనని తనే కెమెరా ముందుకు వచ్చి చెప్పాడు.

తిరుగు ప్రయాణం కొండని చుట్టి వచ్చే చదును రోడ్డు మీద. సాయంత్రం ఇంకో బేరం ఉందని మేనేజరే నడిపాడు. తన భయం తీర్చుకోవాలనుకున్నాడో, బండి పరువు నిలబెట్టాలనుకున్నాడో గాని, నడపడం కాదు, విసరడం. లారీల మధ్య సందుల్లోంచి దూర్చాడు. ఒక చేత్తో ఫోను మాట్లాడాడు. ఒకచోట ట్యాంకరు ఎంత దగ్గరికి వచ్చిందంటే, దాని మీద రాసిన హెచ్చరిక మొత్తం చదివేశాను. వెనక సీట్లో ఉన్న నేను రెండు కాళ్లతో లేని బ్రేకు తొక్కాను.

పాపం బాబాయి ఏమైపోయాడో అని ముందుకు వంగి చూశాను.

నిద్రపోతున్నాడు. కాళ్లు మడిచి సీటు మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని, చిన్నగా గురక పెడుతూ.

ఇంటి దగ్గర దిగాక ఆయన ఏ కాలూ కుంటలేదు.

"అంత ఘోరంగా నడుపుతుంటే నిద్రెలా పట్టింది బాబాయ్?"

"సీట్లు మెత్తగా ఉన్నాయిరా. అది చెప్పడం మర్చిపోయాం, వీడియోలో కలుపు."

"మరి అక్క నడిపినప్పుడు అన్ని కేకలెందుకు?"

ఆయన వినిపించుకోనట్టు చెప్పులు వెతుక్కున్నాడు. నేను వదల్లేదు. చివరికి విసుక్కున్నాడు. "ఒక కారులో ఒక్కడే భయపడాలిరా. ఇద్దరు భయపడితే నడిపేవాడుండడు. ఆ పనేదో నేను చేసిపెడితే అవతలివాళ్లకి చెయ్యి ఖాళీ అవుతుంది. అంతే, పెద్ద విషయం ఏముంది?"

గుండె ఆపరేషన్ అయ్యాక మొదటిసారి స్టీరింగు పట్టుకున్న మా నాన్న గుర్తొచ్చాడు. నలభై దాటాక డ్రైవింగు నేర్చుకున్న పక్కింటి అత్తయ్య గుర్తొచ్చింది. ఇద్దరూ నెలల తరబడి ఈయన పిరికితనం మీద విసుక్కుంటూ, ఈయన్ని ఊరడిస్తూ, హాయిగా బళ్లు నడిపేశారు. ఈయన తొక్కితే కోపం తెచ్చుకున్నవాళ్లమే గాని, ఎవరి పక్కన తొక్కుతున్నాడో చూసినవాళ్లం కాము.

ఇంతలో అక్క ఫోను చేసింది. ముసలావిడ మెట్లన్నీ ఎక్కిందట. రిసెప్షన్‌లో కూర్చోనని ఆసుపత్రికి అప్పుడే చెప్పేసిందట. "బాబాయిని పక్కన పెట్టుకుని ఆ కొండ దిగినదాన్ని. ఒంటరిగా ఆసుపత్రి కారు నడపడం ఒక లెక్కా? కానీ ఆయన్ని ఇంకెప్పుడూ నా బండి ఎక్కించకురా, నీకు పుణ్యముంటుంది," అంది.

ఆ మాట చెబితే బాబాయి తెగ సంతోషించాడు. నాకు మాత్రం లోపల ఒకటి తొలుస్తోంది.

"బాబాయ్, నాకు భయమని ఎప్పుడూ చెప్పలేదే. నా పక్కన కూడా తొక్కుతావెందుకు?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా నా మొహంలోకి చూశాడు.

"నీ పక్కన తొక్కేది నిజంగానేరా," అన్నాడు.