బత్తాయి రసం, పద్నాలుగు పాయింట్ రెండు

రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ ల్యాబ్ చెప్పి బతుకుతున్నవాణ్ణి. రీడింగులు వండితే నాకు ఒళ్ళు మండుతుంది. వండడమంటే, ప్రయోగం చెయ్యకుండా సీనియర్ల రికార్డు చూసి అంకె వేసెయ్యడం. దీని మీద నేనిచ్చే ఉపన్యాసం ఏటికేడాది పెరుగుతూనే ఉంది.

ఆ రోజు ఇంటర్నల్ పరీక్ష. బత్తాయి రసంలో పులుపెంతో తేల్చాలి. కొలిచిన రసంలో రెండు చుక్కల ఇండికేటర్ వేసి, బ్యూరెట్టులోంచి క్షారం చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబీ రంగు వచ్చి నిలిచిన చోట ఆపి, ఎంత క్షారం పట్టిందో రాయాలి. నా నోట్సు ప్రకారం పద్నాలుగు పాయింట్ రెండు మిల్లీలీటర్లు. క్లాసు క్లాసంతటికీ బుద్ధిగా అంతే వచ్చింది. నా బోధన మీద నాకే ముచ్చటేసింది.

ఒక్క నరసాపురం అమ్మాయి మాత్రం పదకొండున్నర రాసింది.

"చెయ్యి వణికిందేమిటమ్మా?" అన్నాను వెటకారంగా.

"లేదండి. మూడుసార్లు చేశానండి. ఇంట్లో లేసు అల్లే చెయ్యి ఇది, వణకదండి."

"ఇంతమందికి వచ్చింది నీకొక్కదానికే రాలేదంటే తప్పెవరిది? ఈ లెక్కన సున్నా వెయ్యాలి."

ఆ మార్కులు పోతే సెమిస్టరు పోతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఊరుకున్నానా? అందర్నీ చుట్టూ నిలబెట్టి, ఎలా చెయ్యాలో చూడమని చొక్కా చేతులు మడిచాను.

పదకొండున్నర దగ్గర గులాబీ రంగు వచ్చి కూర్చుంది. ఫ్లాస్కు ఎంత తిప్పినా పోలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, ఆ బల్లిని నేనే. నా నోట్సులో ఉన్నది ఎప్పుడో ఏ పుల్లటి కాయలకో వచ్చిన అంకె. కాపుకాపుకీ పులుపు మారుతుందని పాఠం చెప్పేది నేనే. ఈసారి బండి మీద కొన్న పళ్ళను కొలవకుండా పాత అంకెనే జవాబుగా పెట్టుకున్నదీ నేనే. మిగతా పిల్లలు తలలు వంచుకున్నారు. వాళ్ళూ నాలాగే పాత రికార్డు చూసి రాసినవాళ్ళే.

కడిగిన బ్యూరెట్టునే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. ఆ అమ్మాయి దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకుండా అంది.

"పర్లేదు సార్. నేను కూడా పద్నాలుగు పాయింట్ రెండే వేసేస్తానండి. మార్కులు మాత్రం తియ్యకండి."

సిగ్గుతో చచ్చిపోయాను. పూర్తి మార్కులు వేశాను గానీ ఏం లాభం? ఆ పూట ల్యాబులో కొలిచింది కొలిచినట్టు రాసిన పిల్ల ఆమె ఒక్కతే. అరగంటలో ఆమెకు కూడా వండడం నేర్పేశాను.