నాన్న వేలిముద్ర వేసిన సాయంత్రం

మొన్న చోడవరం బ్యాంకులో ఒక ముసలాయన వేలిముద్ర వేస్తుంటే, ఆ సిరా వాసనకి అరవై ఏళ్ల కిందటి సాయంత్రం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బడిలో పాటల పోటీ పెడితే మా అక్కా, ఆమె స్నేహితురాళ్లిద్దరూ కలిసి పాడి గెలిచారు. మర్నాడే పట్నం నుంచి ఆర్కెస్ట్రా నడిపే ఆయన మా ఇంటికొచ్చాడు. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి, బెల్లం దిమ్మల్ని చూసే వ్యాపారిలా చూశాడు. పాడమని మాత్రం అడగలేదు.

"మరి దాని సదువు బాబూ?" అంది అమ్మ.

"మూడేళ్లేనమ్మా. ఊరూరా పోస్టర్లెక్కించేస్తాను."

"ఎల్తావేటే?" అని నాన్న అడిగితే, అక్క మెరిసే కళ్లతో తలూపింది.

నాన్న ఆయన తెచ్చిన ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేశాడు. అదీ ఒక బహుమతే అనుకుని నేను చప్పట్లు కొట్టాను. అమ్మ నా చేతులు గట్టిగా పట్టుకుని ఆపింది.

ఆయన అన్నట్టే ముగ్గురి బొమ్మలూ గోవాడ దాకా గోడలెక్కాయి. మూడేళ్లయ్యాక అక్క తిరిగొచ్చింది. అక్కడ ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

తర్వాత నా పిల్లల్ని అక్కే పెంచింది. ఏడుస్తుంటే భుజాన వేసుకుని గంటలకొద్దీ నడిచేది గానీ, ఒక్కనాడూ జోల పాడలేదు.