బిళ్ళ పీకేసిన కారు

దసరా నాడు నకిరేకల్‌లో బస్సు దొరక్క కిరాయి కారు మాట్లాడుకున్నాను. డ్రైవర్ బండికి పూజ చేస్తున్నాడు. ముందువైపు కంపెనీ బిళ్ళ లేదు, దాని గుంట మాత్రం ఉంది. ఎవరైనా ఎత్తుకుపోయారా అని అడిగాను.

"నేనే పీకేసిన సార్. టెస్టుల పొగ తక్కువ చూపెట్టి, రోడ్డెక్కంగనే ఎక్కువ ఇడిసేటట్టు కంపెనీవోళ్లే మోసం చేసిండ్రు. ఊపిరాడని దమ్ము బీమారున్న మా నాయినను గీ బండిలనే దవాఖానకు తిప్పిన. దొరికిపోయినంక బండి బాగుచేసిచ్చి, కొత్త బిళ్ళ గూడ పెడ్తమన్నరు. బిళ్ళ వద్దన్న."

ఆ గుంటలోనే బొటనవేలితో గట్టిగా కుంకుమ అద్దాడు.

"నా బండికి మొక్కుత. వాళ్ల పేరుకు మొక్కుడు నాతోని కాదు."

చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. కారు కదిలింది.

ఇప్పుడు దసరాకు నా స్కూటర్‌కు బొట్టు పెడుతుంటే, వేలు దానంతటదే కంపెనీ పేరు తప్పించి పక్కకు జరుగుతుంది.