పెరిగేవాటి వాటా

యాషి ఊళ్లో మాంసం దుకాణాల్లో ఉత్త కొక్కేలే వేలాడుతున్న రోజులవి. ప్రొఫీరా మాత్రం వారం వారం కబేళా నుంచి ట్రాములో బకెట్ నిండా ఆవు మెదళ్లు తెచ్చేది. పైన గుడ్డ కప్పినా వాసన పసిగట్టేవాళ్లు ఊరుకుంటారా?

"ఏం తల్లీ, ఇంట్లో పెళ్లా?"

"సీసాల్లో పిల్లలున్నారు, వాళ్లకి."

అందరూ నవ్వేవారు. కానీ ఆమె చెప్పింది నిజమే. ఆమె పనిచేసే ప్రయోగశాలలో, పురుళ్ల ఆసుపత్రి నుంచి తెచ్చిన బొడ్డుతాళ్లలోని రక్తనాళాన్ని కడిగి, దాని లోపలి పొర కణాలను గాజుసీసాల్లో పెంచేవారు. మహా గారాబం వాటికి! మామూలు ఆహారం పోస్తే బతుకుతాయే గాని పెరగవు. అలిగిన చుట్టాల్లా ఎక్కడివక్కడే కూర్చుంటాయి. ఆవు మెదడు నుంచి తీసిన రసం కాస్త పడిందా, ఒకటి రెండై, రెండు నాలుగై, సీసా అడుగంతా పరుచుకుంటాయి. ఆ రసం తీయడమే ప్రొఫీరా పని.

ఇంట్లో అత్తగారు కసాండ్రా మంచం పట్టింది.

"ఏమే, ఊళ్లో మెదళ్లన్నీ నీ చేతుల మీదుగానే పోతాయి. నా కంచంలోకి మాత్రం క్యాబేజీ! రొట్టెపొడి అద్ది వేయించిన మెదడు ఒక్కసారి తిని చస్తానే."

"అవి నావి కావత్తయ్యా."

"నేను నీదాన్నేగా?"

ఆ మాట ప్రొఫీరాకు గుచ్చుకుంది. ఆ వారం ఒక మెదడు ఇంటికి పట్టుకెళ్లింది. ఈసారి తక్కువ ఇచ్చారని ప్రయోగశాలలో అబద్ధమాడింది. కొన్ని సీసాలకు రసం చాలదని ఆమెకు తెలుసు.

కసాండ్రా కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది. సగం తిని కంచం పక్కకు నెట్టింది.

"మిగతాది నీ సీసాల్లోవాళ్లకి పట్టుకెళ్లు. నేనింక పెరిగేదేముంది?"

వేడి తగిలితే ఆ రసం సత్తువ పోతుందని, వేయించిన ముక్క వాటికి దేనికీ పనికిరాదని చెప్పడానికి ప్రొఫీరాకు నోరు రాలేదు. మర్నాడు ముసలామె చూస్తుండగానే మిగిలిన ముక్కలు డబ్బాలో సర్ది సంచిలో పెట్టుకుంది.

ప్రయోగశాలలో రసం అందని సీసాను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. కణాలు దూరదూరంగా, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అక్కడే నిలబడి డబ్బా తెరిచి, చల్లారిన ముక్కలు తినేసింది. ఎంతో రుచిగా ఉన్నాయి. అందుకే ఏడుపు ఆగలేదు.

సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే కసాండ్రా అడిగింది.

"తిన్నారా?"

"తిన్నారత్తయ్యా."

"ఉప్పు తక్కువైందన్నారా?"

"లేదు. అంత రుచైంది ఎన్నడూ తినలేదన్నారు."