బెంచీ అయిన గడప

అరకులో ఒక చిత్రకారుడి ఇంటికి పాత కుర్చీలు బాగుచేయడానికి ఏడాదిపాటు వెళ్లాను. ఆయన నోట మొట్టమొదట విన్న మాట "ముట్టుకోకండి". వడ్రంగితో అనే మాటేనా అది? రోజ్‌వుడ్ సోఫా, టేకు పందిరి మంచం, కొండ ఊళ్ల నుంచి తెచ్చిన డోళ్లు, విల్లులు, అన్నీ చూడ్డానికే. అన్నం వేళకి నాకు వరండా మెట్టు చూపించేవారు.

ఒకరోజు పాత ద్వారబంధం దింపించారు. పక్క ఊళ్లో ఎవరో స్లాబు ఇల్లు కట్టుకుంటూ పాతిల్లు విప్పేశారట.

"గడప కోసి బెంచీ చెయ్యి మేస్త్రీ. పసుపు మాత్రం చెరపకు, అందమంతా అందులోనే ఉంది."

గడప మీద కూర్చోకూడదు సార్ అని నోటిదాకా వచ్చింది. మింగేసి, కాళ్లు బిగించి ఇచ్చాను. ఆ సిగ్గు నాకింకా ఉంది.

ఆ వారమే మిరియాలు అమ్మే ముసలమ్మ వచ్చింది. ఎప్పుడూ లేనిది, "కూర్చోమ్మా" అని ఆ బెంచీ చూపించారాయన. ఆమె తట్ట దింపి, పసుపు మీద చెయ్యేసి తడిమింది.

"ఇది మా గడపే బాబూ. పండక్కి పండక్కి నాను పసుపు రాసిందే. దీని మీద కూకుంటామేటి?" అంటూ నేలమీద కూలబడి ఏడ్చింది.

ఆయన పరుగున వెళ్లి కెమెరా తెచ్చారు.

"అలాగే ఉండమ్మా. చెయ్యి తియ్యకు."

మొన్న వెళ్తే ఆ ఫొటో పెద్దది చేయించి బెంచీ పైన తగిలించారు. దాని కింద చిన్న చెక్క మీద రాయించారు: "ముట్టుకోకండి."