పిన్ని పడిన పూచీ

నిన్న మా బచేలీలో ముసురు పట్టింది. కిటికీ పక్కన ఇంగ్లీషు హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి, "అమ్మా, మస్ట్‌కీ షుడ్‌కీ తేడా ఏంటి?" అంది. కొండ మీది మబ్బు క్వార్టర్ల దాకా దిగింది, తడిసిన ఎర్రమట్టి వాసన ఇంట్లోకి వస్తోంది. జవాబు నోటిదాకా వచ్చింది గానీ, మనసు అప్పటికే చిన్నప్పటి పిన్ని వాళ్ళ వరండాలోకి వెళ్ళిపోయింది.

బాబాయికి ఇక్కడి ఇనుప గనిలో ఉద్యోగం. విజయనగరం నుంచి వచ్చిన పిన్ని, సాయంత్రాలు పిల్లలందరికీ ఊరికే ఇంగ్లీషు చెప్పేది. ఊరికే అన్నమాటే గానీ, తిట్లు ధారాళం. "మస్ట్ అంటే నేను చెప్తున్నాను, నువ్వు చేసి తీరాలి. హేవ్ టూ అంటే మీ బాబాయి సైరన్‌కి లేవడం, ఇష్టం లేకపోయినా తప్పదు. షుడ్ అంటే సలహా. వింటే బాగుపడతావ్, వినకపోతే నీ ఖర్మ!" లోపల్నుంచి బాబాయి, "మీ పిన్ని దగ్గర షుడ్ ఎక్కడుందమ్మా, అన్నీ మస్టులే" అనేవాడు. ఇంగువ పోపు వాసనా, ఎవరో ఆరబోసిన ఇప్పపువ్వు మత్తు వాసనా కలిసి, నాకు సగం పాఠం కునుకులోనే గడిచేది.

మాతో పాటు సరిహద్దు దగ్గరి కిష్టారం వైపు అమ్మాయి ఒకతె హాస్టల్లో ఉండి చదివేది. జగదల్‌పూర్‌లో నర్సింగు సీటు తెచ్చుకుంది. తండ్రేమో చదివింది చాలు, పొలం పనికి రమ్మన్నాడు. ఆయన తీసుకుపోవడానికొచ్చిన రోజు పొద్దున్నే పిన్ని దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "జగదల్‌పూర్ పోవాల్నా మేడం?" అందరినీ శాసించే మా పిన్ని ఆ రోజెందుకో మెత్తబడింది. "నీ ఇష్టం తల్లీ. వెళ్తే మంచిదని నా సలహా."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సలహా అంటే మా నాయిన ఇనడు మేడం. నేనే పోత అంటే నన్నే తప్పు పడ్తరు. పోవాల్సిందేనని మీరు గట్టిగ చెప్పుండ్రి."

కాసేపటికి తండ్రి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. పిన్ని మంచినీళ్ళిచ్చి, "అమ్మాయిని పంపాల్సిందే" అంది.

"ఆడ మా పిల్లకేమన్నయితే ఏంది? ఎవర్నడగాలె?"

"నన్నడుగు అన్నయ్యా. పూచీ నాది."

ఆయన నీళ్ళు తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి తలూపాడు. నాకెంత సంతోషమేసిందో!

ఆమె ఇప్పుడు మా పక్క జిల్లా బీజాపూర్‌లో నర్సు, జుట్టు కూడా నెరుస్తోంది. సెలవు దొరికితే పిన్నిని చూడ్డానికి వస్తుంది. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, మోకాళ్ళ నొప్పులతో పిన్ని గేటు దగ్గరే నిలబడుతుంది. లోపలికి రమ్మంటే, "వాళ్ళ నాన్నకి మాటిచ్చానే" అంటుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాటకు మాత్రం ఇంకా కాలం చెల్లలేదు.